గట్టు జరిపిన మాస్టారు

సాలమోను మాస్టారు కుడికాలి మేజోడు హాల్లో కూర్చుని, పేపరు తిరగేస్తూ, వచ్చేపోయేవాళ్ళని పలకరిస్తూ తొడుక్కుంటారు. ఎడమకాలిది మాత్రం పడగ్గదిలోకి వెళ్ళి, తలుపు ఓరగా వేసుకుని తొడుక్కుంటారు. ఆ కాలు చీలమండ దగ్గర కొంచెం ఎత్తుగా ఉంటుంది. సాయంత్రం మేజోడు విప్పితే పట్టీ దిగినచోట లోతుగా ఒక గీత, గీతకి పైనా కిందా పొంగు. బొటనవేలితో నొక్కితే గుంట పడుతుంది. ఆ గుంట పూడటానికి ఎంతసేపు పడుతోందో ఆయన గోడగడియారం చూసి లెక్కపెడతారు. అది కూడా తలుపు వేసుకునే.

ముప్ఫై ఏళ్ళుగా హైస్కూలు పిల్లలకి జీవశాస్త్రం చెబుతున్న మనిషి ఆయన. దోమ కుట్టడం దగ్గర్నుంచి నెత్తుట్లో సన్నపురుగు చేరడం, లోపలి నాళాల్లో కాపురం పెట్టడం, చివరికి కాలు స్తంభంలా తయారవడం దాకా, బోదకాలు కథంతా బోర్డు మీద కళ్ళు మూసుకుని గీయగలరు. అంత తెలిసినాయనకి తన కాలి దగ్గరికి వచ్చేసరికి ఏమీ తెలియదు.

"బండి కిక్కు కొట్టీ కొట్టీ నరం పట్టేసినట్టుంది" అన్నారు మొదట్లో భార్య శాంతితో.

"కిక్కు కుడికాలితో కదండీ కొడతారు?" అంది శాంతి.

పదకొండేళ్ళు కువైట్‌లో ఒకరింట్లో పనిచేసి, ఆ డబ్బుతో అమలాపురంలో ఈ ఇల్లు నిలబెట్టిన మనిషి. ఎవరి మాటకీ ఊరికే తల ఊపదు. తర్వాత ఆయన ఎండలన్నారు, వానాకాలం వచ్చేసింది. పేపర్లు దిద్దుతూ కాలు వేలాడేసుకుని కూర్చున్నానన్నారు. వేసవి సెలవులు వచ్చేశాయి. మేజోడు బిగుతన్నారు, ఆవిడ వదులువి కొనుక్కొచ్చింది. బళ్ళో పిల్లలు అడిగితే "బెణికింది" అని ఒక్కమాటతో సరిపెట్టేవారు. ఆ బెణుకు ఎప్పటిదో ఎవరూ లెక్క చూడలేదనుకున్నారు.

అబద్ధమాడే మనిషి కాదు. భయపడే మనిషి. ఆ భయానికో పేరుంది, మార్తమ్మ. ఆయన తల్లి. ఐనవిల్లి పక్క చేలల్లో మోకాలిలోతు బురదలో ఊడ్పులు ఊడ్చిన మనిషి, నలభై దాటేసరికి ఎడమకాలు బోదెక్కింది. ఊళ్ళో చాలామందికి ఉండేది కాబట్టి అదో వింత కాదు. కానీ మిషన్ బళ్ళో చదివే కొడుక్కి వింతే అయింది. 'బోదమ్మ కొడుకు' అని పిలిచేవారు తోటిపిల్లలు. పదో తరగతిలో ఆయనకి బహుమతి ఇచ్చిన రోజున ఆవిడ బడికొచ్చి, గేటు బయటే చీర కుచ్చిళ్ళు కాలి మీదకి లాక్కుని నిలబడింది. లోపలికి రమ్మని ఆయన పిలవలేదు. ఆవిడ పోయి ఇరవై ఏళ్ళవుతున్నా సాలమోను మాస్టారికి ఆ గేటు గుర్తొస్తే అన్నం సయించదు. ఆ కాలే ఇప్పుడు తనకి వస్తోందంటే ఎవరితో చెప్పుకుంటారు? కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందంటారు. ఆయన విషయంలో ఉన్న బాధంతా కాలిమీదే ఉంది.

ఇక బడి సంగతి.

బోదకాలు రాకుండా ఊరందరికీ ఒకేరోజు మాత్రలు వేస్తారు. నిరుడు ఆ రోజున ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె ఇంట్లో ఏమీ తినకుండా వచ్చి, ఎండలో ప్రార్థనకి నిలబడి, వద్దన్నా వినకుండా ఖాళీ కడుపుతో మాత్రలు మింగి, పావుగంటకి వాంతి చేసుకుంది. జరిగింది అంతే. పన్నెండింటికి ఫోన్లలో ఆ పిల్ల ఆసుపత్రిలో ఉంది. ఒంటిగంటన్నరకి ముగ్గురు పిల్లలయ్యారు. మూడింటికి పక్క మండలంలో ఒక పిల్ల పోయింది కూడా. అసలు పిల్ల ఆ సమయానికి వరండాలో కూర్చుని మజ్జిగ తాగుతోంది. తల్లిదండ్రులు తోసుకుంటూ వచ్చి ఎవరి పిల్లల్ని వాళ్ళు పట్టుకుపోయారు. మాత్రలు పంచడానికొచ్చిన ఆరోగ్య కార్యకర్త సుగుణ పెట్టె మూసుకుని ఏడ్చింది.

"మా పిల్లలకీ ఈ చేత్తోనే ఏసేనండి మేస్టారు. నేనెందుకు చంపుతానండి?"

మాస్టారు గేటు దగ్గర నిలబడి గంటసేపు దోమ గురించి చెప్పారు. జనం ఆయనంటే మర్యాదున్నవాళ్ళు. మర్యాదగా విన్నారు, మర్యాదగా పిల్లల్ని తీసుకుపోయారు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఆయన ఒక పని చేశారు. పాత జవాబు పత్రాల వెనకవైపున, ఆ రోజు తన చెవిన పడ్డ మాటలన్నీ ఒక్కొక్కటిగా రాశారు. రాస్తున్నకొద్దీ ఆయనకి ఆశ్చర్యమేసింది. యాభై అరవై మాటలున్నాయి గానీ, వాటి ఒడుపులు మాత్రం ఐదే. మాట మారుతుంది, మెలిక మారదు. సిగరెట్టు గురించి బుకాయించేవాడూ, రొయ్యల చెరువుల వల్ల బావినీళ్ళు ఉప్పెక్కలేదని బుకాయించేవాడూ, మాత్రల గురించి బుకాయించేవాడూ ఒకరినొకరు ఎరగకపోయినా, ఒకే బళ్ళో చదువుకున్నవాళ్ళలా మాట్లాడతారు. మరి ఆ బడి పాఠమేదో పిల్లలకి ముందే చెప్పేస్తే?

అలా పుట్టింది బుకాయింపు పీరియడు. శుక్రవారం చివరి పీరియడు, తొమ్మిదో తరగతికి. హెడ్మాస్టరు మొదట కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పిల్లలకి అబద్ధాలు నేర్పుతారటండీ?" అన్నారు. "దొంగతనం ఎలా చేస్తారో తెలిస్తేనే కదండీ తాళం ఎక్కడ వెయ్యాలో తెలిసేది" అన్నారు మాస్టారు.

ఒడుపులకి ఆయన పెట్టిన పేర్లు ఏ పుస్తకంలోవీ కావు. కొబ్బరిరాశి మీద నాలుగు మంచికాయలు పేర్చి అడుగున చచ్చుకాయ పోసే బేరగాడి పని 'పైకాయ'. సంబంధం లేని విషయంలో ఎవరినో పట్టుకొచ్చి సాక్ష్యం చెప్పించడం 'అద్దె పెద్దమనిషి'. కాకి వాలింది, తాటిపండు రాలింది కాబట్టి కాకే రాల్చిందనడం 'కాకిపండు'. అందరూ కలిసి మనమీద ఏదో పన్నుతున్నారనడం 'గూడుపుఠాణి'. ఐదోది 'గట్టు'. అది చెప్పేసరికి పిల్లలందరూ నవ్వారు, ఎందుకంటే ఆ ఊళ్ళో గట్టు తగువు లేని ఇల్లు లేదు. పక్కవాడు ఏటా దమ్ము చేసేటప్పుడు గట్టుని పారెడు పారెడు మన చేలోకి జరుపుతాడు. ఇదిగో హద్దు అని చూపిస్తే హద్దే అక్కడ లేదు. అలాగే ఒక రుజువు అడుగుతారు, చూపిస్తే ఇంకోటి అడుగుతారు, అదీ చూపిస్తే ఇది కాదంటారు.

ఆట పద్ధతి తేలిక. ఒకళ్ళు లేచి, అందరికీ తెలిసిన నిజాన్ని రెండు నిమిషాలు బుకాయించాలి. మిగతావాళ్ళు ఒడుపు పేరు పట్టుకోవాలి. అభిలాష్ అనే కుర్రాడు మొన్నటి గోదారి వరదని పట్టుకున్నాడు.

"వరదా? ఎక్కడండీ వరద? మా పెరట్లో చుక్క నీళ్ళు రాలేదు."

"పైకాయ!" అంది క్లాసంతా.

"మా బాబాయి దుబాయిలో ఏసీ మెకానిక్కండి. ఆయన కూడా రాలేదన్నాడు."

"అద్దె పెద్దమనిషి!"

"గోదారి లంకల్లో వాళ్ళు కొత్త పడవలు కొనిపించుకోడానికి పుట్టించేరండి ఇదంతా."

"గూడుపుఠాణి!"

"సరే, వచ్చిందంటారు. అయితే కలెక్టరుగారు మా ఇంటికొచ్చి, నా ఎదురుగా గోదాట్లో మునిగి, తడిబట్టల్తో సంతకం పెట్టాలి. పెట్టేరే అనుకోండి, ఆ తడి గోదారిదేనని ఏంటండీ గేరంటీ?"

"గట్టు! గట్టు!" అని బల్లలు చరిచారు. పక్క గదిలోంచి లెక్కల మాస్టారు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు, కసరడానికొచ్చి తనూ నవ్వేశారు.

ఆ ఆట మధ్యలో ఒకరోజు వీరదుర్గ చెయ్యెత్తింది. కొబ్బరి దింపు తీసే తాతారావు కూతురు. తల్లి మస్కట్‌లో ఉంది. ఇంట్లో నాయనమ్మ మంగాయమ్మకి రెండు కాళ్ళూ బోదకాళ్ళు. ఆవిడ వంగలేదు కనుక, పొద్దున్నే ఆవిడ కాళ్ళు సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు తడి లేకుండా తుడిచి, అప్పుడు బడికొచ్చే పిల్ల. ఆ కడగడం సుగుణ నేర్పింది.

"మేస్టారండి, మా నాన్న మాత్ర ఏసుకోనన్నాడండి. తల తిరిగితే చెట్టు మీంచి పడిపోతానంటాడు. ఇది ఏ ఒడుపండి?"

మాస్టారు సుద్దముక్క బల్లమీద పెట్టారు. ఆ ప్రశ్న ఆయనకి ఎంతో నచ్చింది.

"ఒడుపే కాదమ్మా. అది భయం. అందులో న్యాయం కూడా ఉంది. దింపు లేని రోజున వేసుకోవచ్చా అని సుగుణగారిని అడగమను. భయం అడుగుతుంది, జవాబొస్తే వింటుంది. బుకాయింపు అడిగినట్టే ఉంటుంది గానీ జవాబు దానికక్కర్లేదు. ఆ తేడా పట్టుకుంటే మీకు పరీక్ష కూడా అక్కర్లేదు."

వీరదుర్గ కూర్చుంది. కూర్చుంటూ ఆయన ఎడమకాలి వైపు ఒకసారి చూసింది. ఆ చూపు ఆయన గమనించలేదు. మాస్టార్లకి ఎదుటివాళ్ళ తప్పులు దిద్ది దిద్ది, తమ పేపరు కూడా ఎవరో ఒకరు దిద్దుతుంటారని గుర్తుండదు.

గమనించాల్సింది ఇంకోటి కూడా ఉంది. ఏటా మాత్రల రోజున సుగుణ చేతిలో పెట్టే నాలుగు మాత్రలూ మాస్టారు ఎన్నడూ మింగలేదు. "భోజనమయ్యాక వేసుకుంటానమ్మా" అని చొక్కాజేబులో వేసుకునేవారు. మాస్టారి మాట మీద అనుమానమెవరికి? ఆవిడ ఆయన వేలికి కూడా సిరాగుర్తు పెట్టేసేది. ఆ మాత్రలు ఏటికేడూ ఆయన బల్ల సొరుగులో, ఖాళీ సుద్దముక్కల పెట్టెలో చేరేవి. కారణం ఆయనకి బాగా తెలుసు. ఒంట్లో పురుగు లేనివాడికి ఆ మాత్ర చేసేది పెద్దగా ఏమీ ఉండదు. ఉన్నవాడికే, లోపల పురుగు చస్తున్నప్పుడు జ్వరమొస్తుంది, తల తిరుగుతుంది. అంటే ఆ మాత్ర మందే కాదు, సాక్షి కూడా. మింగితే తేలిపోతుంది. తేలకుండా ఉన్నంతకాలం కాలు బెణికిందే.

ఈ ఏడు మాత్రలకి ముందురోజు, సోమవారం, బుకాయింపు పోటీ పెట్టారు. ఒక్కొక్కళ్ళే వచ్చి బుకాయించి వెళ్ళారు. చివరికి వీరదుర్గ వచ్చింది. వచ్చి బల్ల అంచు ఎడంచేత్తో పట్టుకుని, బరువంతా కుడికాలి మీద మోపి నిలబడింది. మాస్టారు నిలబడేది అచ్చం అలాగే. క్లాసు పక్కున నవ్వింది.

"నా కాలు వాచలేదండి" అని మొదలుపెట్టింది. "బెణికిందంతే. జూన్‌లో బెణికింది. దసరాలకీ బెణికే ఉంది. క్రిస్మస్‌కీ అదే బెణుకండి."

ఎవరో "కాకిపండు" అన్నారు, గట్టిగా కాదు.

"అయినా వాపుంటే రెండు కాళ్ళకీ ఉండాలి కదండీ? ఇదిగో కుడికాలు చూడండి. ఎంత సుబ్బరంగా ఉందో."

"పైకాయ!"

"వాపే అనుకోండి. నొక్కితే గుంట పడాలి. పడిందే అనుకోండి, అది పూడకుండా ఉండాలి. పూడుతుంది కదండీ? కాపోతే కొంచెం ఆలీసంగా పూడుద్ది."

ఈసారి ఎవరూ ఏ పేరూ చెప్పలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, మాస్టారు తనకి తెలియకుండానే ఎడమకాలిని బల్లకిందకి లాక్కున్నారు. ముందు వరసలోవాళ్ళు అది చూశారు. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆ పిల్ల నవ్వట్లేదు. కళ్ళలో నీళ్ళున్నాయి. ఆమెకి ఆటగా లేదు. ఆ కాలు తర్వాత ఏమవుతుందో ఆమె రోజూ పొద్దున్నే చేత్తో పట్టుకుని చూస్తోంది.

"ఎవరి గురించమ్మా ఇది?" అన్నారు మాస్టారు.

వీరదుర్గ తల దించుకుంది. "మా నాయనమ్మ గురించండి" అంది.

మంగాయమ్మ బడిమెట్లెక్కి చాలా ఏళ్ళయింది. ఆవిడకి రెండు కాళ్ళలో వాచని కాలంటూ లేదు. అంత పచ్చి అబద్ధానికి ఐదు ఒడుపుల్లో ఏదీ సరిపోదు. ఎవరి మర్యాదో కాపాడటానికి ఆడిన అబద్ధం అది. క్లాసు మొత్తానికి అర్థమైంది గానీ ఒక్కళ్ళూ నోరు మెదపలేదు. మాస్టారు మొదటి బహుమతి వీరదుర్గకే ఇచ్చారు. ఇస్తున్నప్పుడు ఆయనకి గేటు బయట కుచ్చిళ్ళు లాక్కుంటున్న తల్లి కనపడింది. ఆవిడ కూడా కొడుకు పరువు కోసమే కదా బయట నిలబడింది!

మర్నాడు మధ్యాహ్న భోజనాలయ్యాక సుగుణ వరండాలో పెట్టె తెరిచింది. గేటు దగ్గర పాతికమంది పెద్దవాళ్ళు. వాళ్ళలో మంగాయమ్మ, ఆటోలో వచ్చి, మనవరాలి చెయ్యి వదలకుండా పట్టుకుని.

"మేస్టారుగారండీ, కోపగించుకోకండి. నిరుడు భయపడ్డాం. తవరు మా ఎదురుగా మింగండి. మింగితే ఒప్పుకుంటాం" అంది మంగాయమ్మ.

సుగుణ నాలుగు మాత్రలు ఆయన అరచేతిలో పెట్టింది. అలవాటు కొద్దీ చెయ్యి చొక్కాజేబు దగ్గరికి వెళ్ళింది. వీరదుర్గ చూస్తోంది. మాస్టారు మాత్రలు నోట్లో వేసుకుని, గ్లాసుడు నీళ్ళు గుటగుటా తాగి, నోరు తెరిచి నాలుక ఎత్తి చూపించారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. తర్వాత వరస కదిలింది. నూట డెబ్బై మంది పిల్లలు మింగారు. కొందరు పెద్దవాళ్ళూ మింగారు. మంగాయమ్మ మాత్రం మనవరాలిని కదలనివ్వలేదు.

"రేపటిదాకా చూత్తానండి. తవరు రేపు సుబ్బరంగా ఉంటే మా పిల్లా ఏసుకుంటాది. సుగుణమ్మగారు మిగిలినోళ్ళ కోసం రేపు ఇంటికే వత్తారంట కదా."

"గట్టు!" అని వెనకనించి నాలుగైదు గొంతులు అరిచాయి. మాస్టారు వాళ్ళని కళ్ళతోనే ఊరుకోమన్నారు. అది గట్టు కాదు, భయం. పెంచిన పిల్ల మీద భయం.

సాయంత్రం ఇంటికొచ్చి కూర్చున్నారాయన, పరీక్ష ఫలితం కోసం చూసే కుర్రాడిలా. ఏడున్నర దాకా ఏమీ లేదు. కొంచెం సంతోషం కూడా వేసింది. ఎనిమిదింటికి వెన్నులో చలి మొదలైంది. తెల్లారేసరికి జ్వరం నూటొకటి. గజ్జల్లో బిళ్ళ కట్టింది, ఎడమకాలు మండుతోంది. సుగుణకి ఫోన్ చేస్తే ఆవిడ, "రెండ్రోజుల్లో తగ్గిపోద్దండి, పారాసిటమాల్ వేసుకోండి. మరి తమరు ప్రతి ఏడూ వేసుకుంటున్నారు కదండీ?" అంది. ఆయన ఫోన్ పెట్టేశారు.

శాంతి జావ కాచి తెచ్చి మంచం పక్కన కూర్చుంది. ఈ మంచం దగ్గరే చిక్కంతా ఉంది. జ్వరమొచ్చిందని తెలిస్తే ఊరు మళ్ళీ నిరుటిలాగే అయిపోతుంది. మంగాయమ్మ చచ్చినా మనవరాలికి మాత్ర వెయ్యనివ్వదు. కాబట్టి దాచాలి. దాచడం ఎంత తేలిక! నిన్న సాయంత్రం చినుకులు పడ్డాయి. బండి మీద తడిశానంటే సరి. ఎవరికీ నష్టం లేదు. పైగా మంచిపనికే. మాత్రల పేరు చెడదు, పిల్ల మింగుతుంది, తన కాలు తన మేజోట్లో ఉంటుంది. ఇంత చక్కగా అమరిన అబద్ధం ఆయన జన్మలో చూడలేదు. చూడలేదు గనకే ఆయనకి అనుమానమొచ్చింది.

రేపొద్దున ఏ తాతారావుకో మాత్రకి జ్వరమొస్తుంది. అప్పుడు వాళ్ళు ఏమనుకుంటారు? 'మేస్టారికి రాలేదే, నాకెందుకొచ్చింది, ఏదో మోసముంది' అనుకుంటారు. ఆ మోసం నిజంగానే ఉంటుంది, అది చేసినవాడు తనే అవుతాడు. ఎదుటివాడికి చెప్పేటందుకే నీతులు అని ఊరికే అన్నారా!

"మంగాయమ్మగారింటికి తీసుకెళ్ళు" అన్నారు.

"ఈ ఒంటితోనా?"

"ఈ ఒంటితోనే వెళ్ళాలి. తగ్గాక వెళ్తే ఉపయోగం లేదు."

శాంతి ఆయన ముఖంలోకి చూసి, స్కూటీ తాళం తీసింది. కాలవగట్టు రోడ్డు మీద ఆవిడ నడుపుతుంటే, ఆయన దుప్పటి కప్పుకుని వెనక కూర్చున్నారు. దారిలో ఎదురైనవాళ్ళందరూ ఆగి చూశారు. ఆ చూపులు తమకన్నా ముందే ఊళ్ళోకి వెళ్ళిపోతాయని ఇద్దరికీ తెలుసు.

మంగాయమ్మ అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. వీరదుర్గ అప్పుడే ఆవిడ కాళ్ళు కడిగి తువ్వాలుతో అద్దుతోంది. దుప్పట్లో మాస్టారిని చూడగానే ముసలావిడ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది.

"అయ్యో బాబూ! చెప్పేను కాదా! ఆ మాత్రే గదండీ?"

"ఆ మాత్రేనండి" అన్నారు మాస్టారు.

ఆయన అరుగు చివర కూర్చుని, వంగి, ఎడమకాలి మేజోడు విప్పారు. ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పిన నోరు ఆ మాట అనడానికి తడబడింది. "నిన్న నూట డెబ్బై మంది పిల్లలు మింగేరండి. తలనొప్పన్నవాళ్ళు ముగ్గురు, అంతే. జ్వరమొచ్చింది నాకు. ఎందుకంటే పురుగున్నది నాకు. అది చస్తుంటే ఒళ్ళు కాలుతోంది. మీ మనవరాలికి ఈ కాలు రాకూడదనే ఈ మాత్ర. నాకు ముందే వేసుకునే వీలుండేది. ఏటా నా చేతిలో పెట్టేరు. దాచేసుకున్నాను."

మంగాయమ్మ ముందుకు జరిగి, చదువుకున్న మాస్టారి కాలిని అరచేత్తో పట్టుకుని, బొటనవేలితో నొక్కింది. గుంట పడింది. ఆవిడకి గడియారం అక్కర్లేదు. ఆ గుంట ఎలా పూడుతుందో చూసింది, అదేమిటో తెలుసుకుంది. తన వీధిలో, ఇన్నేళ్ళలో, చొక్కా నలగనివాళ్ళెవరూ ఇలా కాలు విప్పి తన పక్కన కూర్చోలేదు. ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

"ఎన్నాళ్ళ నించండీ?" అంది.

"ఈ మధ్యనేనండి. మొన్న వానల్లో కొంచెం..."

వీరదుర్గ తువ్వాలు పిండుతూనే, తలెత్తకుండా, "గట్టు, మేస్టారండి" అంది మెల్లిగా.

మాస్టారు స్కూటీకి ఆనుకుని నిలబడ్డ శాంతి వైపు చూశారు. ఆవిడ కూడా ఆ లెక్క కోసమే చూస్తోంది.

"మూడేళ్ళయిందండి" అన్నారు.

శాంతి వచ్చి ఆయన పక్కన అరుగు మీద కూర్చుంది. ఎక్కడ పెట్టాలో తెలియక ఆయన చేత్తో పట్టుకున్న మేజోడు తీసుకుని తన సంచిలో వేసుకుంది.

"పోన్లెండి. మూడేళ్ళంటే లేతదే. నాలాగా ముదరనీకండి" అంది మంగాయమ్మ. "రోజూ కడగాలి. సందుల్లో తడి ఉండకూడదు. మా పిల్ల చూపిత్తాది. ఒసే దుర్గా! ముందు మేస్టారి కాలికి నీళ్ళు తేవే. ఆనక నువ్వు అన్నం తిను. సుగుణమ్మగారొచ్చే యేళకి ఖాళీ కడుపుతో ఉండకూడదంట."

"ఆయ్" అని వీరదుర్గ చెంబు పట్టుకుని లోపలికి వెళ్ళింది.